రేడియేషన్ తర్వాత తిరిగొచ్చిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: ఒక టోటల్ పెల్విక్ ఎగ్జెంటరేషన్ కేసు

46 ఏళ్ళ వ్యవసాయ కూలీ. గుంటూరు వైపు పల్లె. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. బీపీ, షుగర్ లేవు. మా దగ్గరికి వచ్చేనాటికి మూడు నెలలుగా వాసనతో తెల్లబట్ట అవుతోంది, మధ్యమధ్య రక్తపు మరకలు కనబడుతున్నాయి, రెండుసార్లు మూత్రం ఎర్రగా పడింది. టోటల్ పెల్విక్ ఎగ్జెంటరేషన్ అంటే కటిలోని (నడుము కింది ఎముకల గూడులోని) గర్భసంచి, యోని, మూత్రాశయం, మలాశయం అన్నీ కలిపి తీసేసే ఆపరేషన్. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొద్దిగా మార్చాను.

అంతకు ఏడాదిన్నర ముందు వేరే చోట ఆమెకు గర్భాశయ ముఖద్వారంలో స్టేజ్ 2బి స్క్వేమస్ సెల్ కార్సినోమా (పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్) అని తేలింది. చేయాల్సిన వైద్యమే చేశారు: 25 సిట్టింగుల్లో 50 గ్రే (రేడియేషన్ కొలత) బయటి రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్, బ్రాకీథెరపీ. మన పేషెంట్ల మాటల్లో బయటి కరెంటు, లోపలి కరెంటు. మూడో నెల పరీక్షలో గడ్డ కనబడలేదు. తర్వాత రెండు చెకప్‌లకు వెళ్ళింది. మిరప కోతల్లో పడి ఆ పై చెకప్ వదిలేసింది. రక్తం కనబడ్డాక కూడా ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగు అన్న మాట ఒకటే: "కరెంటు వేడి ఇంకా తగ్గలేదు."

ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. రేడియేషన్ తగిలిన యోని గోడ నెలల తరబడి పెళుసుగా ఉంటుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది, కొందరిలో పుండు పడి కుళ్ళుతుంది కూడా. కంటితో చూస్తే రేడియేషన్ పుండుకీ, తిరిగొచ్చిన క్యాన్సర్‌కీ తేడా తెలియని సందర్భాలు చాలా ఉన్నాయి. తేల్చేది ముక్క పరీక్షే. కానీ రేడియేషన్ తగిలిన చోట లోతుగా, గుడ్డిగా ముక్క తీస్తే మూత్రాశయానికో మలాశయానికో చిల్లు పడొచ్చు. అందుకే మత్తిచ్చి పరీక్ష చేసి, సిస్టోస్కోపీ (మూత్రాశయం లోపల చూడటం), ప్రాక్టోస్కోపీ (మలాశయం లోపల చూడటం) కూడా అదే టేబుల్ మీద పూర్తి చేసి, చూస్తూ ముక్క తీస్తాం. ఈమెకూ అలాగే చేశాం.

గర్భాశయ ముఖద్వారం స్థానంలో సుమారు 4 సెం.మీ. గట్టి గడ్డ ఉంది. యోని పై మూడో వంతుకు పాకింది. ముందువైపు మూత్రాశయాన్ని పట్టుకుంది. సిస్టోస్కోపీలో మూత్రాశయం వెనక గోడ మీద నీటిబుడగల్లాంటి వాపు, దాని మధ్య ఎగుడుదిగుడు పుండు కనిపించాయి. వెనకవైపు మలాశయం లోపొర నునుపుగానే ఉంది గానీ గోడ మందంగా, కదలకుండా తగిలింది. యోని కింది భాగం మెత్తగా, మామూలుగా ఉంది. గడ్డ నుంచి, మూత్రాశయం పుండు నుంచి తీసిన ముక్కలు రెండిట్లోనూ స్క్వేమస్ కార్సినోమాయే.

ఎడమ కిడ్నీ

రేడియేషన్ చేసిన చోటే క్యాన్సర్ తిరిగొస్తే మళ్ళీ పూర్తి డోసు రేడియేషన్ ఇవ్వలేం. మామూలు కీమోతో నయం కాదు. గడ్డ రెండు సెంటీమీటర్లలోపు ఉండి ముఖద్వారానికే పరిమితమైతే రాడికల్ హిస్టరెక్టమీ (గర్భసంచిని చుట్టూ ఉన్న కణజాలంతో కలిపి తీయడం) గురించి ఆలోచిస్తాం, అప్పుడు కూడా ఫిస్టులాల (అవయవాల మధ్య పడే రంధ్రాల) భయం ఎక్కువే. మూత్రాశయం దాకా పాకితే మిగిలేది పెల్విక్ ఎగ్జెంటరేషన్. గర్భసంచి, యోని, మూత్రాశయం తీస్తే యాంటీరియర్. మూత్రాశయం ఉంచి మలాశయం తీస్తే పోస్టీరియర్. అన్నీ తీస్తే టోటల్.

అంత పెద్ద ఆపరేషన్‌కు తగిన పేషెంటా కాదా అనేది తేల్చే ప్రశ్న ఒక్కటే: గడ్డ కటి మధ్యలోనే ఉందా, పక్క గోడను పట్టిందా? పాతకాలం నుంచీ మేం మూడు లక్షణాలను కలిపి చూస్తాం. ఒక కాలు వాపు, పిరుదు నుంచి తొడ వెనక్కి దిగే నొప్పి, మూత్రనాళం (యురేటర్, కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే గొట్టం) మూసుకుపోయి కిడ్నీ ఉబ్బడం. మూడూ ఉంటే గడ్డ పక్క గోడలోని నరాలనూ రక్తనాళాలనూ పట్టేసిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఈమెకు కాలు వాపు లేదు, నొప్పి లేదు. కానీ అల్ట్రాసౌండ్‌లో ఎడమ కిడ్నీ ఒక మోస్తరుగా ఉబ్బింది.

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఆ కిడ్నీ గురించే. కిడ్నీ ఉబ్బిందన్న ఒక్క మాట మీద ఆపరేషన్ లేదని పంపేసిన పేషెంట్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. మూత్రనాళం మూసుకుపోవడానికి మూడు దారులున్నాయి. గడ్డ పక్క గోడ దగ్గర నొక్కొచ్చు. మూత్రాశయంలోకి పాకిన గడ్డ నాళం తెరుచుకునే చోటే అడ్డుపడొచ్చు. క్యాన్సర్‌తో సంబంధం లేకుండా రేడియేషన్ వల్ల నాళం కుంచించుకుపోవచ్చు. మొదటిదైతే చాలామందిలో ఆపరేషన్ కుదరదు, మిగతా రెండూ అడ్డు కావు. రేడియాలజిస్టు పక్కన కూర్చుని ఎమ్మారై ప్రతి కోతనూ చూశాం. నాళం పక్క గోడ వెంట మామూలుగా దిగి, మూత్రాశయంలో కలిసే చివరి సెంటీమీటరులో ఆగింది. గడ్డకీ పక్క గోడ కండరానికీ మధ్య కొవ్వు పొర రెండువైపులా తెల్లగా, తెగకుండా కనబడింది. పెట్ సిటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు, కాలేయం, పొట్టలోని పెద్ద రక్తనాళం చుట్టూ ఉండే లింఫ్ గ్రంథులు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. రేడియేషన్ ముగిసి 14 నెలలైంది కాబట్టి రేడియేషన్ వాపు స్కాన్‌లో వెలిగి తప్పుదారి పట్టించే బెడద కూడా లేదు.

అదే రోజుల్లో వచ్చిన మరో పేషెంటు గురించి కూడా చెప్పాలి. ఆమె ఇంకా చిన్న వయసు మనిషి, ఇంట్లో చిన్న పిల్లలు. గడ్డ సైజు ఇంతకంటే తక్కువే. కానీ కుడి కాలు తొడ దాకా వాచింది, రాత్రిళ్ళు పిరుదులో నొప్పికి నిద్ర లేదు. ఎమ్మారైలో పక్క గోడ కొవ్వు పొర కనబడలేదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మిఖాయెల్ హెకెల్ పక్క గోడ కండరాలను, రక్తనాళాలను కూడా కలిపి తీసే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఎంచుకున్న కొందరిలో అది పనిచేస్తుంది. నరాన్ని పట్టేసి ఆ స్థాయి నొప్పి తెచ్చిన గడ్డలో క్యాన్సర్ కణాలు లేని శుభ్రమైన అంచు దొరకదని మా డాక్టర్ల బోర్డు అభిప్రాయం. ఆమెకు కీమో, నొప్పి తగ్గించే వైద్యం ఇచ్చాం. కుటుంబం చాలా బతిమాలింది. మిగిలిన నెలల్లో సగం ఆసుపత్రి మంచం మీద గడిచేలా చేసే ఆపరేషన్ ఆమెకు చేయకూడదు. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆపరేషన్‌కు ముందు మాటలు

ఆమె, భర్త, మరిది వచ్చి కూర్చున్నారు. బొమ్మ గీసి ఏమేం తీస్తామో చెప్పాను. పొట్టకు ఎడమవైపు మలం సంచి, కుడివైపు మూత్రం సంచి, జీవితాంతం ఉంటాయని అన్నాను. భర్త అడిగిన మొదటి ప్రశ్న: "ఇంత కోత కోస్తే ఎన్నేళ్ళు బతుకుద్దండీ?" ఆమె అడిగింది వేరే: "సంచులు పెట్టుకుని వంగి పని చేసుకోవచ్చా మేడం? ఎవురికన్నా వాసనొస్తదా?"

భర్త ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1948లో న్యూయార్క్‌లోని మెమోరియల్ హాస్పిటల్‌లో అలెగ్జాండర్ బ్రున్‌ష్విగ్ ఈ ఆపరేషన్ గురించి మొదటి నివేదిక ప్రచురించారు. 22 మంది పేషెంట్లు, అందులో 5 మంది ఆపరేషన్ వల్లే చనిపోయారు. మూత్రనాళాలను నేరుగా పెద్దప్రేగుకు కుట్టి మలం, మూత్రం ఒకే దారిన బయటికి తెచ్చేవారు, ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకెక్కేది. 1950లో యూజీన్ బ్రికర్ చిన్నప్రేగు ముక్కతో మూత్రానికి వేరే దారి చేసే పద్ధతి తెచ్చాక పరిస్థితి మారింది. మత్తు, రక్తం, యాంటీబయాటిక్‌లు, ఐసీయూ మెరుగుపడ్డాయి. ఇప్పుడు అనుభవమున్న సెంటర్లలో ఆపరేషన్ వల్ల చనిపోయేవారు 5 శాతంలోపే. పెద్దవో చిన్నవో కాంప్లికేషన్లు మాత్రం సగం మందికి పైగా వస్తాయి.

అయిదేళ్ళు బతికేవారి శాతం సిరీస్‌ను (ఒక్కో చోట ప్రచురించిన కేసుల లెక్కను) బట్టి 20 నుంచి 60 దాకా ఉంది. ఇంత తేడా ఎందుకంటే, ఎవరికి ఆపరేషన్ చేశారన్నదాన్ని బట్టే లెక్క మారుతుంది. అన్నిటికంటే పెద్ద కారణం మార్జిన్. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేకపోతే దాదాపు సగం మంది అయిదేళ్ళు దాటతారు. అంచులో కణాలు మిగిలితే రెండేళ్ళు దాటేవాళ్ళు కూడా కొద్దిమందే. తర్వాతివి గడ్డ సైజు (5 సెం.మీ. దాటితే కష్టం), లింఫ్ గ్రంథుల్లో వ్యాధి, మొదటి వైద్యం ముగిశాక ఎంత కాలానికి తిరిగొచ్చింది అన్నవి. ఆరు నెలల్లోపే వస్తే నేను చాలా జంకుతాను.

ఆపరేషన్ వద్దనుకుంటే ఏముంది? 2014లో వచ్చిన జీఓజీ 240 ట్రయల్‌లో కీమో ఒక్కటే తీసుకున్నవారిలో సగం మంది బతికింది 13 నెలల దాకానే, గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ మందు కలిపితే 17 నెలల దాకా. గడ్డ మూత్రాశయం గోడను తినేసిన, రేడియేషన్ తగిలిన ఇలాంటి కటిలో బెవాసిజుమాబ్ ఇస్తే ఫిస్టులా పడే ముప్పు పెరుగుతుంది. రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే పెంబ్రోలిజుమాబ్ మందు కలిపిన కీనోట్-826 ట్రయల్ ఫలితాలు ఇంకా మెరుగ్గా ఉన్నాయి, కానీ ఖరీదు ఈ కుటుంబానికి అందేది కాదు. ఈ అంకెలను ఆపరేషన్ అంకెల పక్కన పెట్టి పోల్చడం కూడా న్యాయం కాదు. ఆపరేషన్‌కు ఎంచుకునేదే వ్యాధి ఒక్కచోట ఉండి, ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళని. పేషెంట్లను చీటీ వేసినట్టు రెండు వైద్యాలకూ పంచి పోల్చిన రాండమైజ్డ్ ట్రయల్ లేదు. అయినా ఒక తేడా ఉంది. మందులు ఎక్కువగా కాలాన్ని పొడిగిస్తాయి. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి వ్యాధి ఇక రాదు.

భర్తతో అన్నది ఇది: "అంచులు శుభ్రంగా వస్తే సగానికి సగం అవకాశం ఉంది. లోపల చూశాక కుదరదనిపిస్తే ఏమీ తీయకుండా మూసేస్తాం. అలా జరిగే వీలుందని ఇప్పుడే చెబుతున్నా." పాత సిరీస్‌లలో కడుపు తెరిచాక నాలుగో వంతుకు పైగా కేసుల్లో అలా ఆపేయాల్సి వచ్చేది. పెట్ స్కాన్ వచ్చాక తగ్గింది గానీ పోలేదు.

ఆమె ప్రశ్నకు జవాబు మా స్టోమా (పొట్ట మీద మలం, మూత్రం బయటికి వచ్చేలా చేసే రంధ్రం) నర్సు చెప్పింది. సంచి చేతికిచ్చి చూపించింది. తర్వాత సంచిలో నీళ్ళు నింపి పొట్టకు అంటించి ఒక రోజంతా తిప్పింది. స్టోమా ఎక్కడ రావాలో గుర్తు పెట్టడం ఆపరేషన్ టేబుల్ మీద చేసే పని కాదు. పేషెంటును పడుకోబెట్టి, కూర్చోబెట్టి, వంచి, ఆమె మామూలుగా కట్టుకునే చీరతోనే చూడాలి. లంగా బొందు బిగించే గీత మీద స్టోమా పడితే సంచి రోజూ ఊడుతుంది. ఈమె బొందు బొడ్డు కిందకు కడుతుంది. అందుకే రెండు గుర్తులూ ఆ గీతకు పైనే పెట్టాం. మూత్రం వైపుది ఇంకాస్త ఎత్తులో పెట్టాం, ఒకదాని బెల్టు రెండోదాని మీదుగా పోకూడదు కదా. నాలుగు మెట్లు ఎక్కి దిగి, కింద కూర్చుని లేచి, "ఇది పర్లేదు" అంది.

భర్త లేనప్పుడు ఆమెతో విడిగా కూడా మాట్లాడాను. యోని తీసేశాక పొట్ట కండరంతో గానీ తొడ కండరంతో గానీ కొత్తది చేయొచ్చని, అది అక్కర్లేదనే హక్కూ ఆమెదేనని చెప్పాను. వద్దంది. ఈ సంభాషణ మన దగ్గర చాలాసార్లు జరగనే జరగదు. డాక్టరు సిగ్గుపడి వదిలేస్తే పేషెంటు ఎప్పటికీ అడగదు.

హిమోగ్లోబిన్ 8.4. రక్తం ఎక్కించాం. మూడు వారాలు గుడ్లు, పప్పు, ప్రోటీన్ పౌడర్, ఊపిరి వ్యాయామాలు. ఉబ్బిన కిడ్నీకి వీపు నుంచి గొట్టం వేసి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) దించాం.

ఆపరేషన్

ముందు చేత్తో, కంటితో కడుపంతా వెతికాం. పెద్ద రక్తనాళం పక్క గ్రంథులు తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కు (ఆపరేషన్ మధ్యలోనే ముక్కను గడ్డకట్టించి చేసే పరీక్షకు) పంపాం: నెగెటివ్. తర్వాత మూత్రాశయం పక్కన, మలాశయం పక్కన ఉండే ఖాళీలను రెండువైపులా తెరిచాం. ఈ దశ దాకా వెనక్కి రావచ్చు. యురేటర్లు, ప్రేగు కోశామంటే ఇక వెనక్కి రాలేం. ఎడమ పక్క గోడ దగ్గర గట్టిగా తగిలిన చోట నుంచి ఫ్రోజెన్‌కు పంపి, రిపోర్టు వచ్చేదాకా చేతులు ఆపి నిలబడ్డాం. మచ్చ కణజాలం మాత్రమే, క్యాన్సర్ లేదు. ఆ ఫోన్ తర్వాతే సిగ్మాయిడ్‌కు (మలాశయానికి ముందున్న పెద్దప్రేగు భాగానికి) స్టేప్లర్ వేశాం.

యోని కింది భాగం బాగుంది కాబట్టి కటి అడుగున ఉండే లెవేటర్ కండరం పైనే ఆపాం, కింద మలద్వారం దాకా కోయలేదు. మలాశయం మిగిలిన చివరకు పెద్దప్రేగు కలిపి మలం సంచి తప్పించవచ్చు కదా అని జూనియర్లు అడిగారు. పూర్తి డోసు రేడియేషన్ తగిలిన చోట ఆ కుట్టు లీకైతే మనిషి దక్కడం కష్టం. నేను శాశ్వత కోలోస్టమీయే (పొట్ట మీద మలం దారి) చేస్తాను.

మూత్రం దారి దగ్గర అసలు చర్చ జరిగింది. మామూలుగా ఇలియమ్ (చిన్నప్రేగు చివరి భాగం) ముక్క వాడతాం. ఈమె చివరి ఇలియమ్ కటిలోకి జారి రేడియేషన్ తిన్నది. పాలిపోయి, గోడ బిరుసెక్కి, పైన సన్నటి రక్తనాళాల వల కనబడింది. అలాంటి ప్రేగుకు యురేటర్ కుడితే మానదు. రేడియేషన్ తగలని ట్రాన్స్‌వర్స్ కోలన్ (పెద్దప్రేగులో అడ్డంగా ఉండే భాగం) గులాబీ రంగులో, కోస్తే మంచి రక్తంతో ఉంది. దాని ముక్కనే కండ్యూట్‌గా (మూత్రం బయటికి తెచ్చే గొట్టంగా) చేశాం. యురేటర్లను కూడా రేడియేషన్ తగిలిన కింది భాగం వదిలేసి పైన కోసి కుట్టాం. ఖాళీ అయిన కటిలోకి ప్రేగులు జారి అతుక్కుపోతే అడ్డు, ఫిస్టులా, చీము అన్నీ వస్తాయి. అందుకని ఒమెంటమ్‌ను (ప్రేగుల ముందు వేలాడే కొవ్వు పొరను) ఎడమవైపు రక్తనాళం మీద ఉంచి, దించి, గుంత నింపాం. మొత్తం దాదాపు తొమ్మిది గంటలు పట్టింది, లీటరున్నర పైగా రక్తం పోయింది.

పాథాలజీ రిపోర్టు: గడ్డ 4.2 సెం.మీ., మూత్రాశయం కండరం దాటి లోపొర దాకా, మలాశయం బయటి కండరంలోకి పాకింది. గ్రంథులు నెగెటివ్. అన్ని మార్జిన్లూ నెగెటివ్, అన్నిటికంటే దగ్గరి అంచు 6 మి.మీ.

ఆ తర్వాత

రెండో వారంలో జ్వరం. సిటీలో కటి లోపల చీము కనబడింది. బయటి నుంచే గొట్టం వేసి తీశాం. ప్రేగులు కదలడానికి ఆలస్యమైంది, అన్నాళ్ళూ సెలైన్‌లోనే పోషణ ఇచ్చాం. ఇంటికి వెళ్ళేముందు సంచులు మార్చడం ఆమెకూ, కోడలికీ నేర్పాం. మూత్రంలో తెల్లటి జిగురు పడితే భయపడొద్దని ముందే చెప్పాం. ప్రేగు ముక్క తన జిగురు తాను ఊరుస్తూనే ఉంటుంది. రాత్రికి పెద్ద యూరిన్ బ్యాగు తగిలించుకుంటే మధ్యలో లేవక్కర్లేదు.

మొదటి వేసవి గట్టిగా పరీక్షించింది. రోహిణి కార్తె ఎండకి చెమటతో అంటించిన ప్లేటు రోజుకోసారి ఊడిపోయేది. చుట్టూ చర్మం ఒరిసి ఎర్రబడింది. ఫోన్‌లో ఫోటో పంపితే నర్సు చూసి స్టోమా పౌడర్ వాడించింది, స్టోమా సైజుకు సరిగ్గా ప్లేటు కత్తిరించడం మళ్ళీ నేర్పింది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది గానీ నెలనెలా సంచుల ఖర్చు ఇంటి మీదే పడింది. ఆ డబ్బు లేని నెలలో ఒకే సంచి కడిగి కడిగి వాడారు. దాని వెంటే కిడ్నీ ఇన్‌ఫెక్షన్ వచ్చి అడ్మిట్ చేయాల్సి వచ్చింది. ఇంత పెద్ద ఆపరేషన్‌కు డబ్బిచ్చే పథకాలు దాంతోపాటు సంచులకూ ఇవ్వాలి. లేకపోతే ఆపరేషన్ టేబుల్ మీద దక్కించుకున్న కిడ్నీని ఇంటి దగ్గర పోగొట్టుకుంటాం.

ఇప్పటికి మూడేళ్ళు దాటింది. మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి, ఇప్పుడు ఆరు నెలలకోసారి చూస్తున్నాం. తిరిగొచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్ళలోనే కనబడతాయి. చివరి స్కాన్‌లో వ్యాధి లేదు. ఎడమ కిడ్నీ కొద్దిగా చిన్నబడింది, క్రియాటినిన్ 1.2 దగ్గర నిలకడగా ఉంది. రక్తంలో ఆమ్లం కాస్త పెరుగుతోందని సోడియం బైకార్బొనేట్ మాత్రలు ఇస్తున్నాం. మిరప కోతలకు వెళ్తోంది. బరువులు మాత్రం ఎత్తనివ్వడం లేదు, స్టోమా పక్కన హెర్నియా వస్తుందని. అయిదేళ్ళు నిండాల్సి ఉంది, అందుకే నయమైందని ఇంకా రాయను.

గ్లోబోకాన్ (ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు) 2022 అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. రేడియేషన్ తర్వాత తిరిగొచ్చినవాళ్ళలో ఎగ్జెంటరేషన్‌కు తగినవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందిలోనూ చాలామంది సర్జన్ దాకా రావడం లేదు, వచ్చినా పక్క గోడ పట్టాక వస్తున్నారు. జిల్లాల్లో చూసే డాక్టర్లకు నా విన్నపం: రేడియేషన్ అయిన పేషెంటుకు ప్రతి విజిట్‌లో స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం) వేసి చూడండి, యోని, మలాశయం పరీక్ష వేలితో చేయండి. ఆ రెండూ లేకుండా స్కాన్ ఒక్కటే చూసి పంపొద్దు. రక్తం, వాసన, మూత్రంలో ఎరుపు రెండు వారాల యాంటీబయాటిక్‌తో తగ్గకపోతే పంపించండి. పంపేటప్పుడు రేడియేషన్ డోసు చార్టు, మొదటి బయాప్సీ బ్లాకు (పరీక్షకు తీసిన ముక్కను మైనంలో దాచిన దిమ్మ), ఎమ్మారై ఫిల్ములకు బదులు సీడీ ఇచ్చి పంపండి. కాలు వాపు ఉందో లేదో, పిరుదు నొప్పి ఉందో లేదో చీటీ మీద రెండు ముక్కలు రాయండి. కిడ్నీ ఉబ్బితే గొట్టం వేయించాకే పంపితే మాకు వారం కలిసొస్తుంది.